సాటా కన్వర్టర్‌తో గ్రాఫిక్స్ కార్డు నడపమని చెప్పే మెసేజీకి జవాబు

"గ్రాఫిక్స్ కార్డు మార్చేవాళ్ళు ఎస్‌ఎంపీఎస్ మీద డబ్బు తగలెయ్యకండి" అని మొదలయ్యే మెసేజీ ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌లోని భాగాలకి కరెంటిచ్చే డబ్బా. ఆరు పాయింట్లు, ప్రతిదాని చివరా ఒక టిక్కు గుర్తు. పంపేవాళ్ళు నలుగురికీ ఉపయోగపడుతుందనే పంపుతున్నారు, కాదనను. కానీ ముప్పై వేలు కూడబెట్టి కార్డు కొనుక్కున్న కుర్రాడు ఇది నమ్మి మూడో పాయింటు పాటిస్తే, ఆ కార్డుతో పాటు ఇంటికి కూడా ప్రమాదమే. అందుకే ఓపిక చేసుకుని ఒక్కొక్కటీ రాస్తున్నాను.

మొదటిది: "ఎక్కువ వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది." పెరగదు. సిస్టమ్ 280 వాట్లు అడిగితే 550 వాట్లదైనా 850 వాట్లదైనా ఇచ్చేది అంతే. గోడ నుంచి లాగేదాంట్లో తేడా ఎఫిషియెన్సీ (లాగినదాంట్లో ఎంత వృథా కాకుండా ఇస్తుందన్నది) వల్ల వస్తుంది, అదీ కొద్ది వాట్లే. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

రెండోది: "క్యాబినెట్‌తో వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఏ కార్డుకైనా సరిపోతుంది." క్యాబినెట్ పక్క డోరు తీసి ఎస్‌ఎంపీఎస్ మీదున్న స్టిక్కరు చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న 450ని వదిలేసి 12 వోల్టుల గడిలో ఎన్ని యాంపియర్లు రాశారో చూడండి. అక్కడ 16 ఉంటే, 12తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ బతికేది ఆ 192 మీదే. మిగతా అంకె 3.3, 5 వోల్టుల లైన్లు కలిపి నింపింది, కొన్నిసార్లు అది కూడా కాదు, ఉత్త ప్రింటు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకి 115 వాట్లు, ఐ5 12400 ప్రాసెసర్ టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 117 దాకా వెళ్తుంది. రెండూ కలిస్తే 232. ఆ డబ్బా ఇక్కడే చేతులెత్తేస్తుంది. నిజమైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టుల లైను ఒక్కటే 36 యాంపియర్ల దాకా ఇస్తుంది. 12వీ1, 12వీ2 అని రెండు గడులుంటే వాటిని కూడకండి. రెంటికీ కలిపి ఎన్ని వాట్లో కింద విడిగా రాసి ఉంటుంది, ఆ అంకె చూడండి. అలా రాయని స్టిక్కరున్న ఎస్‌ఎంపీఎస్‌ని కార్డు దగ్గరికి రానివ్వకండి.

చాలనప్పుడు ఏమవుతుందంటే, లోడు పడగానే 12 కాస్తా 11.4 కిందికి జారుతుంది, గేమ్ లోడవుతుండగా సిస్టమ్ టక్కున రీస్టార్టవుతుంది. అందరూ డ్రైవర్లూ విండోసూ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. రీస్టార్టయితే ఇంకా అదృష్టమే. ఓవర్‌లోడుకి ఆగిపోయే సర్క్యూట్ లోపల లేకపోతే అది కాలిపోయేదాకా ఇస్తూనే ఉంటుంది.

ఇక మూడోది, గ్రాఫిక్స్ కార్డుకి విడిగా కరెంటిచ్చే 8 పిన్ కేబుల్ గురించి, నాకు ఒళ్ళు మండేది. "8 పిన్ కేబుల్ లేకపోతే దిగులొద్దు. రెండొందలకు సాటా టు 8 పిన్ కన్వర్టర్ దొరుకుతుంది, పర్మనెంటుగా వాడుకోవచ్చు."

వాడకూడదు. ఒక్క రోజు కూడా వాడకూడదు. సాటా పవర్ ప్లగ్గులో, అంటే హార్డ్ డిస్కులకి కరెంటిచ్చేదాంట్లో, 12 వోల్టులకున్నవి మూడు పిన్నులు, ఒక్కోటి తట్టుకునేది 1.5 యాంపియర్లు. మొత్తం 4.5 యాంపియర్లు, అంటే 54 వాట్లు. హార్డ్ డిస్కుకి అది దండిగా చాలు. 8 పిన్ సాకెట్టు 150 వాట్ల దాకా అడగొచ్చు, అంటే 12.5 యాంపియర్లు. అదే మూడు పిన్నుల మీద పంచితే ఒక్కోదాని మీద నాలుగుకి పైనే, ఓర్చుకోగలిగేదానికి దాదాపు మూడు రెట్లు. కన్వర్టర్‌కి అటు చివర 8 రంధ్రాలున్నంత మాత్రాన ఇటు చివరి పిన్నులు లావెక్కుతాయా?

కాలేది ఎక్కడో కూడా చెప్తాను. ఈ కన్వర్టర్లలో సాటా తల చాలావరకు అచ్చుపోసిన నల్ల ప్లాస్టిక్. లోపల 12 వోల్టుల తీగ, 5 వోల్టుల తీగ, గ్రౌండు పక్కపక్కనే ఉంటాయి. పిన్ను వేడెక్కుతుంది, వేడికి పట్టు వదులవుతుంది, పట్టు వదిలేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ మెత్తబడి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. ఇది మొదటి రోజే జరగదు, అందుకే "నాకేం కాలేదు" అనేవాళ్ళు దొరుకుతారు. ముందు కాలిన ప్లాస్టిక్ వాసన, ప్లగ్గు అంచు గోధుమరంగుకి తిరగడం, పీకితే రాకుండా అతుక్కుపోవడం. ఈ మూడింట్లో ఏది కనిపించినా స్విచ్ ఆపి దాన్ని చెత్తబుట్టలో వెయ్యండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రెండు మూడు వేలు మిగుల్చుకోబోయి కార్డే పోగొట్టుకుంటారు.

"మా ఫ్రెండు రెండేళ్ళుగా వాడుతున్నాడు" అంటారా? అతని కార్డేంటో అడగండి. 6 పిన్ ఉన్న జీటీఎక్స్ 1650 లాంటిదై ఉంటుంది. దాని మొత్తం ఖర్చే 75 వాట్లు, అందులో కొంత మదర్‌బోర్డు స్లాటు నుంచే వస్తుంది. అదే కన్వర్టర్ 4060కి పెడితే కథ వేరు. రెండు సాటాలు కలిపి ఒక 8 పిన్ చేసే రకం కొన్నా 108 వాట్లకే హద్దు, పైగా ఆ రెండు తలలూ సాధారణంగా ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒకే తీగ మీద వస్తాయి. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల ప్లగ్గు) రకం దీనికంటే కాస్త నయం, కానీ దాంట్లో 12 వోల్టులకి ఒక్కటే పిన్ను, చౌక రకాల్లో అదీ వదులే. అసలు ఎస్‌ఎంపీఎస్ చేసినవాడే 6+2 పిన్ (కార్డుకి పెట్టే 8 పిన్) కేబుల్ ఇవ్వలేదంటే, ఇది అలాంటి కార్డుకి కాదని వాడే చెప్తున్నట్టు. ఆ మాటనైనా నమ్మండి.

నాలుగోది: "మాడ్యులర్ కేబుళ్ళన్నీ ఒకటే, పాతవే కొత్త ఎస్‌ఎంపీఎస్‌కి తగిలించండి." ఇది కూడా ప్రమాదమే. మాడ్యులర్ అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీసి పెట్టుకోగలిగేవి. కార్డు వైపు పిన్నుల వరస అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు వరసకి ఏ ప్రమాణమూ లేదు. ఒకే కంపెనీలో సిరీస్ మారితే కూడా మారొచ్చు. పాత సాటా కేబుల్ సరిగ్గానే దిగుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తాయి, స్విచ్ వేసిన క్షణంలో ఎస్‌ఎస్‌డీ, ఫొటోలతో సహా పోతుంది. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పాత తీగలన్నీ పీకి, పెట్టెలో వచ్చినవే వెయ్యండి. బద్ధకించొద్దు. అలాగే ప్రాసెసర్ 8 పిన్, అంటే 4+4గా విడిపోయేది, కార్డులోకి నొక్కకండి. దాంట్లో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి.

ఐదోది: "80 ప్లస్ గోల్డ్ ఉంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు." ఆ స్టిక్కరు చెప్పేది ఎఫిషియెన్సీ ఒక్కటే. పరీక్ష చేసేది 23 డిగ్రీల గదిలో. మే నెలలో విజయవాడలో మూసిన క్యాబినెట్ లోపల ఎంతుంటుందో మీకు తెలుసు. కంపెనీ వివరాల్లో పూర్తి వాట్లు 40 డిగ్రీల దగ్గర ఇస్తుందా, 50 దగ్గరా అని చూడండి. ఊరూపేరూ లేని గోల్డ్ కంటే పేరున్న బ్రాంజ్ మేలు.

చివరిది: "కార్డు కంపెనీలు చెప్పే వాట్లు కావాలని పెంచి చెప్తారు." ఇది మాత్రం చాలావరకు నిజం. 4060కి ఎన్విడియా 550 అంటుంది. పైన లెక్కేసిన 232కి బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకి ఇంకో 50, 60 కలిపినా 300 దాటదు. మంచి 450 వాట్లది నిశ్చింతగా నడుపుతుంది. మీ ఇంట్లో ఏ నాసిరకం డబ్బా ఉందో కంపెనీకి తెలియదు కాబట్టి ఎక్కువ చెప్తుంది. దాన్ని మోసం అనలేం, జాగ్రత్త అంతే.

కానీ ఈ సూత్రాన్ని పెద్ద కార్డులకి ఎక్కించకండి. 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 వచ్చిన కొత్తలో మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా కొన్ని టప్పున ఆగిపోయాయి, కార్డు క్షణకాలం తన అంకెని బాగా దాటి లాగడం వల్ల. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణంలో రెట్టింపు లోడుని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టింది అందుకే. 250 వాట్లు, ఆపైన కార్డయితే కంపెనీ చెప్పిన అంకె తగ్గించకండి. ఆర్‌టీఎక్స్ 5070కి 650 అంటే 650. రెండు 8 పిన్‌లున్న కార్డుకి రెండు వేర్వేరు కేబుళ్ళు వెయ్యండి. ఒకే కేబుల్‌కున్న రెండు తలలతో 300 వాట్లు లాగితే ఒక్కో తీగ మీద 8 యాంపియర్లు దాటుతుంది, విడివిడిగా వేస్తే అందులో సగం. కొత్త 16 పిన్ ప్లగ్గయితే చివరిదాకా, సందు కనబడకుండా నొక్కండి, మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు వంచకండి. 2022 అక్టోబరు నుంచి ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కరిగినవాటిలో చాలా ప్లగ్గులు పూర్తిగా దిగనివే.

ఆ మెసేజీలో లేనిది ఒకటుంది, యూపీఎస్. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే 600 వీఏది ఇచ్చేది దాదాపు 360 వాట్లే. సిస్టమ్‌తో పాటు మానిటరూ దాని మీదే ఉంటుంది. కార్డు మార్చాక గేమ్ మధ్యలో కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యిమని మొత్తం ఆగిపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు. యూపీఎస్ వెనక వీఏ పక్కనే వాట్లు కూడా రాసి ఉంటాయి, కొత్త లెక్క ఆ అంకెతో సరిచూసుకోండి.