నమ్మమనలేదు, చేసి చూడమంది

తంత్రం అనగానే చాలామందికి చేతబడి, క్షుద్రపూజలే గుర్తొస్తాయి. ఆ భయంతోనే పిల్లల ముందు ఆ మాట ఎత్తం. శుక్రవారం లలితా సహస్రనామంలో మాత్రం ‘మహాతంత్రా మహామంత్రా మహాయంత్రా మహాసనా’ అని భక్తిగా చదువుతాం, ‘మూలాధారైకనిలయా’ అని కుండలినీ శక్తిని, అంటే వెన్నెముక మొదట్లో నిద్రాణంగా ఉంటుందని చెప్పే శక్తిని, తలుస్తాం. నోటికి వచ్చిన ఈ తంత్ర సాధన, అంటే మంత్రం, ధ్యానం లాంటివాటితో చేసే అభ్యాసం, మన అనుభవంలోకి రాకుండా పోతోందే అన్నదే నా బాధ.

శివుడు భైరవుడిగా దేవితో మాట్లాడే గ్రంథం, విజ్ఞానభైరవ తంత్రమే చూడండి. నీ నిజస్వరూపం ఏమిటని దేవి అడిగితే, భైరవుడు నాలుగు మాటల్లో తత్త్వం చెప్పి 112 ధారణలు, అంటే మనసు నిలిపే పద్ధతులు, వివరిస్తాడు. వాటిలో ఒకటి శ్వాస మీద. ఊపిరి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి తిరగబోయే ముందు ఓ చిన్న విరామం ఉంటుంది, లోపలికి వచ్చాక మరొకటి. బలవంతంగా బిగపట్టనక్కర్లేదు, ధ్యాస అక్కడ నిలిపితే చాలు. తుమ్ము వచ్చే క్షణం, భయం, ఆకలి మొదలయ్యే వేళ, ఇవి కూడా ధారణకు పనికొస్తాయంటుంది ఆ గ్రంథం. చాలాకాలానికి బంధువు కనబడినప్పుడు పొంగే ఆనందంలోనే మనసును లయం చెయ్యమంటుంది. దూరదేశంలో ఉంటూ ఎయిర్‌పోర్టులో అమ్మానాన్నల కోసం ఎదురుచూసిన మనకు ఆ ఆనందం కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. అందులో నిలవడం మాత్రం నేర్చుకోవాలి.

‘అనుభవం’ అంటే ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవడమేగా అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడనే శైవాచార్యుడు తంత్రాలోకం అనే గ్రంథంలో జ్ఞానానికి మూడు దారులు చెప్పాడు: గురువు, శాస్త్రం, తనంతట తాను. ఇవి ఒకదాన్నొకటి సరిచూస్తాయన్నది నా అభిప్రాయం. ధ్యానంలో వెలుగు కనబడిందంటే, కనబడిందన్నంతవరకే నిజం. అది దైవదర్శనమని ఆ ఒక్కపూటే తేల్చెయ్యకూడదు. కొన్నాళ్లు సాధన చేశాక కోపం వచ్చిన క్షణమే దాన్ని పసిగట్టగలుగుతున్నామా, ఇంట్లోవాళ్లకు ఆ తేడా తెలుస్తోందా? నాకు ఈ పరీక్షే ముఖ్యం. ఫలానా మొత్తం కడితే ఫలానా సిద్ధి ఖాయమనేవాళ్లని దగ్గరికి రానివ్వొద్దు. తీవ్రమైన ప్రాణాయామాలు, కుండలినీ సాధనలు తెలిసిన గురువు లేకుండా మొదలుపెట్టొద్దు.

మన అసోసియేషన్ యువజన శిబిరాల్లో శ్లోకాల పోటీతోపాటు ఆ శ్వాస ధారణ కూడా పెడదాం. పిల్లలు రోజూ కాసేపు కూర్చుని ఏం గమనించారో నోటుబుక్కులో రాసుకోవాలి. ఏమీ తెలియకపోతే, తెలియలేదనే రాయాలి.