సొంత పట్టికకి నంబరెందుకు, మూలమెందుకు అంటారా?

శ్రీకాకుళంలో పీజీ ప్రాజెక్టులు రాసేవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పట్టికైనా గ్రాఫైనా మీరే తయారుచేస్తే మూలం వద్దు, నంబరు వద్దు, ‘పై పట్టిక’ అంటే చాలు, మిగతాదంతా గైడ్ల చాదస్తం" అని. ఇందులో నిజం పావు వంతు.

ఆ పావు వంతు ముందు చెప్పేస్తా. పలాస జీడిపప్పు కార్మికుల దగ్గరికి మీరే వెళ్లి, మీరే అడిగి, మీరే లెక్కేసుకున్న పట్టికైతే ఏపీఏ పద్ధతిలో (మూలాలు, పట్టికలు ఎలా చూపాలో చెప్పే రూల్స్‌లో ఒకటి) దానికి సైటేషన్, అంటే మూలం చూపడం, అక్కర్లేదు. కింద ‘మూలం: ప్రాథమిక సమాచారం’ అని పెట్టమనే గైడ్లూ ఉంటారు, పెట్టేయండి, పోయేదేముంది.

చిక్కంతా ఆ "మీరే తయారుచేస్తే" దగ్గరే. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా 27,03,114, విజయనగరం 23,44,474. ఈ రెండూ ఎక్సెల్‌లో కొట్టి రంగురంగుల బార్ చార్ట్ గీస్తే చార్ట్ మీదే గానీ అంకెలు సెన్సస్‌వి. శ్రీకాకుళంలో వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లని మీరే భాగించి తేల్చినా అంతే. ‘2011 జనాభా లెక్కల ఆధారంగా రచయిత లెక్కించినది’ అని బొమ్మ కింద ఒక ముక్క రాసి, ఆ నివేదికని రిఫరెన్సుల్లో చేర్చాలి. ఎవరిదో మ్యాపు తీసుకుని ఉద్దానం మండలాలకి మీరు రంగేసినా, ఆ మ్యాపు ఎవరిదో చెప్పాల్సిందే.

నంబరు సంగతి నాకు బాగా తగిలింది. నా ప్రాజెక్టు నిండా "పై పట్టిక" అనే రాశాను. ప్రింటింగ్ షాపులో ఫాంటు మార్చేసరికి కూలి రేట్ల పట్టిక తర్వాతి పేజీకి జారిపోయింది, పైన మిగిలింది తాగునీటి పట్టిక. వైవాలో, అంటే నోటితో జరిగే పరీక్షలో, ఎగ్జామినర్ అదే చూసి "ఇందులో కూలి ఎక్కడుందమ్మా?" అంటే టెన్షన్‌లో నోట మాట రాలేదు. ‘పట్టిక 3’ అని ఉంటే ఆయనే పేజీ తిప్పేవారు. వర్డ్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్, క్రాస్ రెఫరెన్స్ వాడితే మధ్యలో కొత్త పట్టిక దూర్చినా కంట్రోల్ ఏ, తర్వాత ఎఫ్9 నొక్కగానే నంబర్లు అవే సర్దుకుంటాయి.

ఇక చాదస్తమంటారా, ఇవి గైడ్లు సొంతంగా పెట్టినవి కావు, పద్ధతిని బట్టి మారే రూల్స్: ఏపీఏ ఏడో ఎడిషన్‌లో పట్టికకీ బొమ్మకీ పేరు పైనే, ఎంఎల్ఏ అనే ఇంకో పద్ధతిలో పట్టికకి పైన, బొమ్మకి కింద, ఇంజనీరింగ్ వాళ్లు వాడే ఐఈఈఈ పద్ధతిలో అయితే పట్టికలకి రోమన్ అంకెలు. మీ గైడ్‌కి ఏది కావాలో మొదట్లోనే అడిగేయండి. నేను బైండింగ్ ముందురోజు రాత్రి అడిగాను, పదిహేడు బొమ్మల పేర్లు కిందనుంచి పైకి మార్చాల్సొచ్చింది.