వరుస మారిన చదరంగం మన పిల్లలకూ కావాలి

2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు గుకేశ్. రెండు నెలల తర్వాత జర్మనీలోని వైసెన్‌హాస్‌లో పది మందితో జరిగిన ఫ్రీస్టైల్ చెస్ (వెనక వరుస పావుల్ని లాటరీ తీసి మార్చి ఆడే చదరంగం) టోర్నీలో అతనికి దక్కింది ఎనిమిదో స్థానం. 2025 జూలైలో లాస్ వేగాస్‌లో ఇదే ఆటలో మన ఓరుగల్లు కుర్రాడు అర్జున్ ఇరిగేశి సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఒక్క టోర్నీతో గుకేశ్‌ను తక్కువ చేయడం తప్పు. కానీ మామూలు చదరంగంలో మనం చూసే బలంలో ఎంత బోర్డు ముందు పుడుతోంది, ఎంత ఇంటి దగ్గరే తయారై వస్తోంది అన్న ప్రశ్న మాత్రం వదలదు.

ఈ పద్ధతిని 1996లో బ్యూనస్ ఐరిస్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్ ప్రకటించాడు. బంట్లు వాటి చోటే ఉంటాయి. వెనక వరుసలోని ఎనిమిది పావుల చోటును లాటరీ నిర్ణయిస్తుంది. శకట్లు రెండూ వేర్వేరు రంగు గళ్లలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. ఎదుటివాడికీ అదే వరుస. లెక్కేస్తే 960 అమరికలు. మనకు తెలిసిన పాత అమరిక వాటిలో ఒకటి మాత్రమే.

ఇవాళ పెద్ద ఆటగాళ్లు మొదటి పదిహేను ఎత్తుల్ని చాలాసార్లు ఆలోచించి వేయరు, గుర్తు తెచ్చుకుని వేస్తారు. 2018లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేములూ డ్రా అయ్యాయి. ఇంటి దగ్గర చేసుకొచ్చే ప్రిపరేషన్ ఒక్కటే కారణం అనను, కానీ దాని పాత్ర చిన్నది కాదు.

వరుస మారితే ఏమవుతుందో ఒక అమరికలో చూడండి. తెల్లవాడి ఎడమ నుంచి శకటు, శకటు, గుర్రం, ఏనుగు, మంత్రి, రాజు, ఏనుగు, గుర్రం. పాత అమరికలో ప్రతి బంటుకూ వెనక ఒక కాపలా ఉంటుంది. ఇక్కడ కుడి చివరి బంటుకు ఎవరూ లేరు. తెల్లవాడు మొదటి ఎత్తులో సీ బంటును, అంటే ఎడమ నుంచి మూడోదాన్ని, రెండు గళ్లు జరిపితే చాలు, వెనక వరుసలో ఎడమ నుంచి రెండో గడి బీ1లో ఉన్న శకటుకు దారి తెరుచుకుంటుంది. అది నేరుగా హెచ్7 బంటు మీదికి, అంటే నల్లవాడి వైపు కాపలా లేని ఆ చివరి బంటు మీదికి, గురిపెడుతుంది. ఆ బంటును కొడితే పక్కనే ఉన్న ఏనుగూ దాడిలో పడుతుంది. ఒక్క ఎత్తుకే నల్లవాడికి టెన్షన్! ఏ పుస్తకమూ ఆదుకోదు, తలే ఆదుకోవాలి.

ఇందులోనే ఈ ఆట లోపమూ ఉంది. కొన్ని అమరికల్లో మొదట కదిపేవాడికి మామూలు కంటే ఎక్కువ లాభం. అందుకే ఒకే అమరికను రంగులు మార్చి రెండుసార్లు ఆడించడం న్యాయం. ఇది అదృష్టం ఆట అనే వాళ్లతో మాత్రం ఏకీభవించను. 2025లో పారిస్‌లో జరిగిన ఫ్రీస్టైల్ టోర్నీ గెలిచింది ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సనే.

పాత చదరంగాన్ని పక్కన పెట్టమని నేను అనను. సిసిలియన్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరుస) పేరు చెప్పగానే ఆడేవాడికీ చూసేవాడికీ ఒకే బొమ్మ కళ్లముందు మెదులుతుంది. తరాలుగా పేరుకున్న ఆ జ్ఞాపకం ఆటకు ఆస్తి. కొత్తగా నేర్చుకునే పిల్లలకైతే పాత అమరికే మేలు. పావులు బయటికి తీయడం, మధ్య గళ్లు పట్టుకోవడం, రాజును దాచుకోవడం అక్కడే ఒంటబడతాయి.

నా పట్టంతా ఆ తర్వాతి మెట్టు గురించే. జిల్లా, రాష్ట్ర స్థాయికి వచ్చిన పిల్లల మధ్య తేడా చాలాసార్లు కోచ్ ఫీజు దగ్గరే మొదలవుతుంది. డబ్బున్న ఇంటి పిల్ల ఓపెనింగ్ ఫైళ్లు బట్టీపట్టి వస్తుంది. పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లాడు పన్నెండో ఎత్తుకే ఓడిపోయే స్థితిలో ఉంటాడు. అతనికి లెక్క రాక కాదు, ఆ ఎత్తుల వరుస ఎప్పుడూ చూడక. వరుస మారిన ఆటలో ఆ ఫైళ్లు ఆదుకోవు. కోచింగ్ వల్ల వచ్చిన మిగతా బలం ఉండనే ఉంటుంది గానీ, కొనుక్కోగలిగిన జ్ఞాపకం మాత్రం బయటే ఆగిపోతుంది.

ఇందుకు కొత్త బోర్డులు కొనక్కర్లేదు. రెండు రాష్ట్రాల చెస్ సంఘాలూ అండర్-13, ఆపై వయసు టోర్నీలకు ఈ ఆట కోసం ఒక రోజు కలపాలి. రౌండ్‌కు పది నిమిషాల ముందు అందరి ఎదుట చీటీ తీసి అమరిక ప్రకటించాలి. ఆ రోజు ఫలితాలకు విడిగా బహుమతులివ్వాలి, ప్రతిభా శిబిరాలకు పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు వాటినీ లెక్కలోకి తీసుకోవాలి.