షేల్ బావులు: ముందు కొలతలు, తర్వాతే పంపులు

షేల్ అనే బిగువైన రాతి పొరల్లోంచి చమురు, గ్యాస్ తీసే తవ్వకాలకు కేంద్రం 2013లో ప్రభుత్వ చమురు సంస్థలకు, 2018లో మిగతా కాంట్రాక్టుదారులకు దారి తెరిచింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని రాఘవాపురం షేల్ మీద ఆశలున్నాయి. అమెరికాను చూపించి తొందరపడే ముందు, ఫ్రాకింగ్ (నీటి పీడనంతో రాయిని పగలగొట్టడం) ఎక్కడ చెడుతుందో తెలుసుకోవాలి.

షేల్‌లో చమురున్నా దానంతటది కదలదు. రాతి పారగమ్యత, అంటే ద్రవాన్ని తనగుండా పోనిచ్చే గుణం, నానోడార్సీల్లో, దాదాపు లేనట్టే ఉంటుంది. అందుకే రెండు మూడు కిలోమీటర్లు దిగి, అక్కడి నుంచి అడ్డంగా తిరిగి, పొర వెంబడి మరో రెండు మూడు కిలోమీటర్లు తొలుస్తారు. కేసింగ్ (ఉక్కు గొట్టం) దింపి, దాని చుట్టూ సిమెంట్ పట్టిస్తారు. ఆపై బావి కొస నుంచి వెనక్కి, అరవై డెబ్బై మీటర్లకో దశగా వస్తారు. ప్రతి దశలో ప్లగ్ (బిరడా) బిగించి, పేలుడు మందు నింపిన గన్‌తో కేసింగ్‌కు రంధ్రాలు పేల్చి, నిమిషానికి 13 నుంచి 16 ఘనపు మీటర్ల నీటిని ఇసుకతో కలిపి నెడతారు. రాపిడి తగ్గడానికి కాస్త పాలీఅక్రిలమైడ్ అనే రసాయనం వేస్తారు. పంపులు ఆగాక పగులు మూసుకుపోకుండా ఆపేది ఆ ఇసుకే.

ఒక దశలోని రంధ్రాలన్నిటికీ నీరు సమానంగా అందదు. రాతి ఒత్తిడి తక్కువున్న చోట ముందుగా పగిలి, అక్కడికే ఎక్కువ నీరు పోతుంది. మిగతా చోట్ల రాయి చెక్కుచెదరదు. రంధ్రాల సంఖ్య తగ్గిస్తే పంపకం కొంత సమమవుతుంది. కానీ ఇసుక తాకిడికి ఆ రంధ్రాలే అరిగి పెద్దవవుతాయి. పగులు వెడల్పు చాలకపోతే మెతుకు గొంతుకు అడ్డం పడ్డట్టు ఇసుక ముఖద్వారంలోనే పేరుకుని, పీడనం క్షణాల్లో ఎగబాకుతుంది. ఇదే స్క్రీన్‌అవుట్. వెంటనే ఇసుక ఆపి ఉత్త నీటితో కడగలేకపోతే కేసింగ్ ఇసుకతో నిండుతుంది. కాయిల్డ్ ట్యూబింగ్ (చుట్టగా చుట్టి తెచ్చే సన్నని గొట్టం) దించి తోడాలి. బంకమట్టి ఖనిజాలు ఎక్కువున్న మెత్తని షేల్‌లో ఇసుక గోడల్లోకి దిగబడి పగులు సన్నబడుతుంది. పాత బావి పక్కన కొత్తది వేస్తే, పీడనం పడిపోయిన పాత బావి వైపే కొత్త పగుళ్లు పరుగెత్తి రెండింటినీ దెబ్బతీస్తాయి.

అసలు పనికి ముందు కొద్దిపాటి నీరు నెట్టి, పంపు ఆపి, పీడనం ఎలా దిగుతుందో గమనిస్తే పగులు మూసుకునే పీడనం తెలుస్తుంది. రాతిలోని కనిష్ఠ ఒత్తిడి అదే. ఖర్చు పేరుతో ఈ పరీక్ష ఎగ్గొట్టే బావికి అనుమతే ఇవ్వకూడదు.

ఇక నీరు. బావికి 40 వేల ఘనపు మీటర్లు, అంటే 4 కోట్ల లీటర్లు అనుకుంటే, 700 బావులకు దాదాపు ఒక టీఎంసీ. కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా తోడి తెచ్చుకునే హైదరాబాద్‌కు టీఎంసీ విలువ తెలుసు. మాకు అంతకంటే పెద్ద ఆందోళన తిరిగి పైకొచ్చే ఉప్పునీరు. అది భూగర్భ జలాల్లో కలిసే దారి ఎక్కువగా కిలోమీటర్ల లోతున ఉన్న పగుళ్లు కావు. కేసింగ్ వెనక చెడిన సిమెంట్, నేల మీద కారే గుంటలు. నేల ఒకసారి పాడైతే ఏమవుతుందో పరిశ్రమల వ్యర్థాలతో చెడిన పటాన్‌చెరు పరిసరాల బోర్లు చెబుతాయి. అమెరికాలోని ఓక్లహామాలో భూకంపాలు పెరిగింది కూడా ప్రధానంగా వ్యర్థజలాన్ని లోతు బావుల్లోకి ఎక్కించడం వల్లే. 2016లో అక్కడి పానీ (Pawnee) పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో భూకంపం నమోదైంది.

మహారాష్ట్రలోని కోయినా జలాశయం దగ్గరి భూకంపాలను దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) మన ఉప్పల్‌లోనే ఉంది. తొలి పంపు మోగడానికి కనీసం ఏడాది ముందే ఆ సంస్థతో గోదావరి జిల్లాల్లో సీస్మోమీటర్లు (భూకంపాలను కొలిచే పరికరాలు) పెట్టించాలి. చుట్టుపక్కల తాగునీటి బోర్ల నమూనాలు ముందే తీసి భద్రపరచాలి. సిమెంట్ బాండ్ లాగ్ (సిమెంట్ ఎంత గట్టిగా పట్టిందో చూపే నమోదు), దశలవారీ పీడనం, ఇసుక, నీటి లెక్కలు ప్రతి బావికీ ఆన్‌లైన్‌లో తెలుగులో పెట్టాలని అనుమతి పత్రంలోనే షరతు రాయాలి.