బుడగ ఎటు పోవాలి?

విశాఖ బీచ్ రోడ్డు, కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా గట్టు. మావయ్య జీవితమంతా ఓడల ఇంజిన్ రూముల్లో బాయిలర్లు చూసి రిటైరయ్యాడు. మేనకోడలు ఎంటెక్‌లో థర్మల్ చేస్తోంది. కంప్యూటర్ చిప్ వీపు మీద సన్నటి కాలువలు చెక్కి, వాటిలో ద్రవాన్ని మరిగించి వేడి లాగెయ్యడం ఆమె ప్రాజెక్టు. చేతుల్లో ముంత మసాలా పొట్లాలు. గొడవల్లా ఒక్కటే: ఆ కాలువలున్న పెట్టెను తలకిందులు చేసినా అలాగే పనిచేస్తుందా?

మేనకోడలు: చేస్తుంది మావయ్యా. కాలువ అంత సన్నబడ్డాక భూమ్యాకర్షణకి అక్కడ పనిలేదు.

మావయ్య: నేను ఇన్నేళ్లు తిన్న తిండి దాని చలవే తల్లీ. మా నేచురల్ సర్క్యులేషన్ బాయిలర్‌లో నీళ్లు తిప్పడానికి పంపు ఉండదు. ఆవిరి కలిసిన నీరు తేలికై పైకి పోతుంది, బరువైన నీరు ఇంకో గొట్టంలోంచి కిందికి దిగుతుంది. ఆ తేడా లేకపోతే ఆవిరి వేడి గోడనే పట్టుకుని వేలాడుతుంది. గోడ తడారిపోతుంది, గొట్టం మాడిపోతుంది.

మేనకోడలు: మీ గొట్టాలు లావు. మొన్న అమ్మమ్మకి సెలైన్ పెట్టినప్పుడు చూశారుగా? ట్యూబులో గాలి బుడగ ఇరుక్కుంది. ట్యూబు నిలువుగానే వేలాడుతోంది, అయినా బుడగ పైకి రాలేదు. నర్సు గోటితో టకటకా కొడితేగాని కదల్లేదు. దాన్ని పట్టి ఉంచింది తలతన్యత, అంటే ద్రవం పైపొర బిగువు. ఏ కొలత కంటే సన్నబడితే బరువు మీద తలతన్యత గెలుస్తుందో, నీటికి ఆ హద్దు దాదాపు 2.7 మిల్లీమీటర్లు. నా కాలువ వెడల్పు 0.3. బాండ్ సంఖ్య, అంటే బరువు బలానికీ తలతన్యతకీ నిష్పత్తి, 0.01 దగ్గర ఉంటుంది. ఇంక పైకి పోవడం, కిందికి దిగడం ఏముంది?

మావయ్య: చిప్ మీద నీళ్లే పోస్తున్నావా?

మేనకోడలు: ...లేదు. ఎఫ్‌సీ-72 అనే ద్రవం. కరెంటు పారనివ్వదు, 56 డిగ్రీలకే మరుగుతుంది.

మావయ్య: మరి నీటి లెక్క నాకెందుకు చెప్పావు?

మేనకోడలు: సరే, దాని తలతన్యత నీటిలో ఆరో వంతే. బరువేమో ఒకటిన్నర రెట్లు పైనే. హద్దు ముప్పావు మిల్లీమీటరుకి దిగిపోతుంది. బాండ్ సంఖ్య పదింతలు పెరుగుతుంది. అయినా ఒకటికి చాలా కిందే! నాసా గొడార్డ్ వాళ్లు ఇలాంటి మైక్రోగ్యాప్ కూలర్‌నే బ్లూ ఆరిజిన్ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్‌లో పంపి చూశారు. భారం లేనప్పుడూ అది తన పని తను చేసుకుపోయింది.

మావయ్య: ఆ రాకెట్‌లో భారం లేకుండా ఉండేది మూడు నిమిషాలేనటగా.

మేనకోడలు: అందుకే నాసా, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి 2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికే ద్రవాన్ని మరిగించి చూసే రిగ్గు పంపాయి. అంతకుముందు, కాసేపు భారం లేకుండా ఎగిరే విమానంలో చేసిన ప్రయోగాల్లోనూ తేలింది, కాలువ కాస్త పెద్దదైనా సరే, ఎఫ్‌సీ-72ని సెకనుకి 1.5 మీటర్ల వేగంతో తోస్తే భారం ఉన్నా లేకున్నా గోడ ఆరిపోయే హద్దు ఒకటే.

మావయ్య: తోస్తే కదా! నెమ్మదిగా పారితే?

మేనకోడలు: నెమ్మదిగా పారితే భారం లేనిచోట ముందే ఆరిపోతుంది. ఒప్పుకుంటా.

మావయ్య: అసలు మరిగించడం ఎందుకమ్మా? కిలో నీరు ఆవిరైతే 2,257 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. మరక్కుండా పది డిగ్రీలు వేడెక్కి పోతే 42. అందుకే కదా కొంచెం ద్రవంతో సరిపోతుందని మురిసిపోయేది. ఇప్పుడు భూమ్యాకర్షణకి భయపడి పంపు గట్టిగా తిప్పుతానంటే, మిగిలిన లాభమంతా పంపు తినేస్తుంది.

మేనకోడలు: సన్న కాలువలో అంత తొయ్యక్కర్లేదు, తలతన్యతే చూసుకుంటుంది. నాకున్న అసలు తలనొప్పి వేరు. బుడగ కాలువంతా నిండాక ముందుకే కాదు, వెనక్కీ పెరుగుతుంది, వచ్చే ద్రవాన్ని తన్నేస్తుంది. ప్రెషర్ గేజి ముల్లు వణుకుతూనే ఉంటుంది. దానికీ భూమ్యాకర్షణకీ సంబంధం లేదు.

మావయ్య: ఆ వెనక్కి తన్నిన ఆవిరి ఎక్కడికి పోతుంది?

మేనకోడలు: హెడర్‌లోకి. కాలువలన్నిటికీ ద్రవం పంచే గదిలోకి.

మావయ్య: ఆ గది ఎంత?

మేనకోడలు: ఎనిమిది మిల్లీమీటర్లు.

మావయ్య: నీ ముప్పావు మిల్లీమీటరు హద్దు ఏమైంది మరి? ఆ గది నా బాయిలర్ లాంటిదే. పెట్టెను పక్కకి నిలబెడితే ఆవిరి గది పైభాగంలో చేరుతుంది, ద్రవం అడుగున ఉంటుంది. కింది కాలువలకి విందు, పై కాలువలకి పస్తు. ఓడలో పెడితే, అది ఊగినప్పుడల్లా ఆ పస్తు ఒక కొసనుంచి ఇంకో కొసకి మారుతుంది. నీ కాలువలో భూమ్యాకర్షణ లేకపోవచ్చు, వాకిట్లో ఉంది.

(ఆమె పొట్లంలో మిగిలిన మరమరాలు వేలితో ఓ మూలకి నెట్టింది.)

మేనకోడలు: పెట్టెను పక్కకి తిప్పి నడిపా మావయ్యా. సగటు ఉష్ణోగ్రత మారలేదు.

మావయ్య: సగటు సరే. పై కొసన కాలువ?

మేనకోడలు: అక్కడ వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టలేదు.

మావయ్య: హెడర్ మూత దేంతో చేశారు?

మేనకోడలు: స్టీలు.

మావయ్య: అందుకే నీకంత ధీమా.

మేనకోడలు: సోమవారం లోపల కనిపించేలా పాలికార్బనేట్ మూత వేయిస్తా. మీరూ ల్యాబ్‌కి రండి, తలకిందులు చేసేటప్పుడు ఓ చెయ్యి పట్టాలి.