ప్లానులో ఉన్న పై అంతస్తు

హన్మకొండలోని మా పడమటి గదికి ఏసీ కొనే ముందు, దుకాణదారు నోటిలెక్కను నమ్మకుండా, ఆ గదిలోకి వేడి ఏయే దారుల్లో వస్తుందో నేనే లెక్క కట్టాలని పూనుకున్నాను. నాన్న వేయించిన ఇంటి ప్లాను ముందర పరుచుకొని, తొమ్మిదంగుళాల గోడకు ఇంత, మూడు గంటల తర్వాత సూటిగా ఎండ పడే అద్దాల కిటికీకి ఇంత (ఆ చిన్న కిటికీ గోడంతటికంటే ఎక్కువ వేడి తెస్తుందని అప్పుడే తెలిసింది), తలుపు సందుల్లో దూరే గాలికి ఇంత, ఊరికే కూర్చున్న మనిషికి సుమారు 115 వాట్ల చొప్పున ఇద్దరికి 230 అని కూడితే, మొత్తం 2,100 వాట్లు తేలింది. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని తోడగలదు కనుక అదే చాలునని తీర్మానించాను.

"పైన ఇంకో అంతస్తు ఉన్నదా సార్?" అని దుకాణదారు అడిగాడు. "ఉంది" అని ప్లాను చూపించాను.

మే నెల ఆదివారం నాడు కరీంనగర్ నుంచి అక్కాబావలు ఇద్దరు పిల్లలతో చల్లదనం చూడటానికి వచ్చారు. పొద్దున గది బాగానే చల్లబడింది కానీ, సూర్యుడు దిగిపోయిన తర్వాత, ఎనిమిది గంటలకు రిమోట్‌లో 24 అని ఉండగానే అందరికీ చెమటలు పట్టాయి. ఫిల్టరు కడగమని బావ సలహా ఇచ్చాడు. నేను స్టూలెక్కి పైకప్పుకు అరచేయి ఆనించి, దోసె పెనాన్ని ముట్టుకున్నవాడిలా వెనక్కి లాక్కున్నాను. పగలంతా ఎండను తాగిన స్లాబు దాన్ని నిదానంగా, సరిగ్గా మేము పడుకునే వేళకు కిందికి దింపుతోంది.

"పైన మీ నాయిన కట్టింది ఎక్కడరా? పిల్లర్ల సలాకలే ఉన్నయి గద, నువ్వు రోజూ బట్టలారేస్తవు" అన్నది అమ్మ.

ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్న నేను, ప్లానులోని లేని గది నీడను నమ్మి, తక్కువలో తక్కువ వెయ్యి వాట్ల పైకప్పు పద్దును కొట్టివేశాను.

"పొద్దుగాల డాబా మీద సున్నం కొడుదాం. ఇప్పటికైతే ఏం తగ్గియ్యొచ్చు బామ్మర్దీ?" అని బావ అడిగాడు. లెక్కల ధ్యాసలో ఉన్న నేను, "మీరు నలుగురు బయటికెళ్తే వెంటనే 460 వాట్లు తగ్గుతాయి" అన్నాను.

అక్క ఆ రాత్రి పిల్లలను తీసుకొని డాబా మీద, సలాకల మధ్య పడుకుంది.