పాప్ పాటకి అనౌన్సర్ లేడు

ఆ మధ్య ఒక శనివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఒక కెఫేకి వెళ్లాను. మేడ మీద నలుగురు కుర్రాళ్ల బ్యాండు వాయిస్తోంది. అందరూ ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లే. వరసగా ఐదు ఇంగ్లీషు పాటలు పాడారు. ప్రతి పాటకి ముందు మైకులో చెప్పారు: ఇది బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌ది, ఇది బ్రిట్నీ స్పియర్స్‌ది, ఇది కేటీ పెర్రీది, ఇది టేలర్ స్విఫ్ట్‌ది, ఆఖర్న ద వీకెండ్‌ది. 'ఐ వాంట్ ఇట్ దట్ వే' దగ్గర మొదలై 'బ్లైండింగ్ లైట్స్' దాకా, ఇరవయ్యేళ్ల పాటలు. ఐదింటి వెనకా చెయ్యి వేసిన మనిషి ఒకడున్నాడు. ఆ పేరు మాత్రం మేడ మీద ఎవరూ ఎత్తలేదు.

మాక్స్ మార్టిన్. అసలు పేరు కార్ల్ మార్టిన్ సాండ్‌బెర్గ్. 1971లో పుట్టిన స్వీడన్ మనిషి, పాటలు రాసి తయారుచేసేవాడు. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 అనే హిట్ పాటల జాబితాలో మొదటి స్థానం కొట్టిన పాటల్ని రచయితల పేరు మీద లెక్కేస్తే, పాల్ మెకార్ట్నీ 32 పాటలతో అందరికన్నా ముందున్నాడు. ఆయన వెనకే 26తో చాలాకాలం జాన్ లెనన్ ఉన్నాడు. 2024లో మాక్స్ మార్టిన్ లెనన్‌ని దాటేశాడు. బీటిల్స్ బృందంలోని ఈ ఇద్దరి మొహాలూ ప్రపంచమంతా టీషర్టుల మీద ఉన్నాయి. ఈయన జగదాంబ జంక్షన్‌లో నిలబడి టీ తాగినా సెల్ఫీ అడిగేవాడుండడు.

నాకు రేడియో గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం పెడితే, పాటకి ముందు అనౌన్సరు చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ చెప్పి గానీ పాట వేసేది కాదు. హీరో ఎవరో చెప్పకపోయినా రాసిందెవరో చెప్పేవారు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మ సైతం పల్లవి సగం వినేసరికి "ఇది ఆత్రేయది, ఏడిపించి వదుల్తాడు" అనేది. అసలు ఇది పాట రాసేవాళ్ల ఊరు. శ్రీశ్రీ, ఆరుద్ర పుట్టిందిక్కడే. సిరివెన్నెల పెరిగింది పక్కనే ఉన్న అనకాపల్లిలో.

పాప్ లోకంలో ఆ అనౌన్సర్ లేడు. పాట పాడినవాళ్లదే, అంతే. ఇప్పుడిప్పుడే అక్కడ తెర తొలగుతోంది. స్పాటిఫై 2018లో రచయితల, ప్రొడ్యూసర్ల పేర్లు చూపించడం మొదలుపెట్టింది. అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో ప్రొడ్యూసర్‌కి దశాబ్దాలుగా విడిగా అవార్డు ఉంది గానీ, ఆ ఏటి మేటి పాటల రచయిత అంటూ ఒకటి 2023లో గానీ పెట్టలేదు. 2025లో అది ఎమీ ఆలెన్ అందుకుంది, ఆ అవార్డు గెలిచిన మొదటి మహిళ. వాళ్లు నేర్చుకుంటున్న ఈ సమయంలోనే మనం మర్చిపోతున్నాం. అదే నా గొడవ.

ప్రొడ్యూసర్ అంటే మనకి డబ్బు పెట్టే ఆసామి. పాప్‌లో అలా కాదు. బీటు కట్టేది, శబ్దాలు ఎంచేది, గాయనిచేత నలభైసార్లు పాడించి అందులో మంచి ముక్కలు ఏరి అతికేది అతనే. మన లెక్కలో సంగీత దర్శకుడు, అరేంజర్, రికార్డింగ్ ఇంజినీరు ముగ్గురూ కలిసిన మనిషి. ఈ మధ్య చాలా పాటలకి ముందు ఒకరు ట్రాక్ తయారుచేస్తారు, దాని మీద ఇంకొకరు బాణీ, మాటలు అల్లుతారు. అందుకే ఒక్క 'బ్లైండింగ్ లైట్స్'కే ఐదుగురు రచయితలు.

ఇదంతా ఫ్యాక్టరీ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ని. కానీ దగ్గరగా చూస్తే కనబడేది ఫ్యాక్టరీ కాదు, గురుకులం. స్టాక్‌హోమ్‌లో షైరాన్ అనే స్టూడియో నడిపిన డెనిజ్ పాప్ దగ్గర మాక్స్ మార్టిన్ పని నేర్చుకున్నాడు. డెనిజ్ మొదట డీజే. వాయిద్యం వాయించడం రాదు. కానీ ఏ బీటుకి జనం డ్యాన్స్ ఫ్లోర్ మీదకి వస్తారో, ఎక్కడ వెళ్లి కూర్చుంటారో కళ్లారా చూసినవాడు. ఏస్ ఆఫ్ బేస్ అనే బృందంవాళ్లు పంపిన క్యాసెట్ ఆయన కారు టేప్‌రికార్డర్‌లో ఇరుక్కుపోయి బయటికి రాలేదట. వేరే గతిలేక రోజూ అదే వింటూ తిరిగాడు, వినగా వినగా దాన్ని ఎలా బాగుచెయ్యాలో తట్టింది. ఆ పాట ప్రపంచాన్ని ఊపేసింది. మన ప్రైవేటు బస్సు డ్రైవర్లు కూడా ఒకే పాట వారాలపాటు మోగిస్తారు, పాపం వాళ్లకి ఇలాంటి అదృష్టం పట్టలేదు. డెనిజ్ 1998లో క్యాన్సర్‌తో చనిపోయాడు. శిష్యుడు రాసిన బ్రిట్నీ పాట 'బేబీ వన్ మోర్ టైమ్' అమెరికాలో మొదటి స్థానానికి చేరింది 1999 జనవరిలో. గురువు చూడలేదు. తర్వాత మాక్స్ మార్టిన్ తనూ శిష్యుల్ని చేరదీశాడు. టేలర్ స్విఫ్ట్ 'షేక్ ఇట్ ఆఫ్' పాట రచయితల్లో కనిపించే షెల్‌బ్యాక్ అలా వచ్చినవాడే.

ఆ పనితనానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు 'మెలోడిక్ మ్యాథ్', అంటే బాణీ లెక్క. ఒక పాదానికి ఎన్ని అక్షరాలు పడ్డాయో దానికి జవాబిచ్చే పాదానికీ అన్నే పడాలి. ఒక్క అక్షరం ఎక్కువైనా లైను తీసెయ్యాలి. పాశ్చాత్య పత్రికలు దీన్నేదో ల్యాబు రహస్యంలా రాస్తాయి. ఆటవెలదో సీసమో గణం తప్పకుండా కట్టడానికి ఒక్కసారైనా కుస్తీపట్టిన తెలుగువాడికి ఇందులో వింతేముంది? తేడా ఒక్కటే. పద్యంలో గణాలు కుదిరి అర్థం చెడితే కవిని వెక్కిరిస్తాం. పాప్‌లో అర్థం చెడినా బాణీ నిలబడితే చాలు.

'ఐ వాంట్ ఇట్ దట్ వే' అందుకు సాక్ష్యం. అతనికి కావాల్సిందేంటో, వద్దన్నదేంటో పాటంతా విన్నా తేలదు. అర్థమయ్యేలా ఇంకో రకంగా మాటలు రాయించారు కూడా. బ్యాండువాళ్లు, మాకు మొదటిదే కావాలన్నారు. 'బేబీ వన్ మోర్ టైమ్'లో 'హిట్ మీ' అన్నమాట కూడా అంతే. ఫోన్ చెయ్యి అనే అర్థంలో స్వీడన్‌వాళ్లు రాస్తే, అమెరికావాళ్లకి కొట్టమన్నట్టు వినబడింది. ముందు ఆ పాట టీఎల్‌సీ అనే బృందానికి ఇవ్వబోతే వాళ్లు వద్దన్నారు. ఇంగ్లీషు తమ అమ్మభాష కాకపోవడం స్వీడన్‌వాళ్లకి కలిసొచ్చిందని నా అనుమానం. మాట బరువు తెలియనప్పుడు దాన్ని శబ్దంగా వాడుకోవడం తేలిక.

మన సినిమా పాటల సిట్టింగుల్లోనూ సంగీత దర్శకుడు 'తననాన' అంటూ పాడి వినిపిస్తే, రచయిత ఆ కొలతలో మాటలు కూర్చోబెట్టాలి. అదే ఇరుకు, అదే లెక్క. అయినా ఆ ఇరుకులోనే సిరివెన్నెల ఆలోచనని కూడా నిలబెట్టారు. అమ్మిన రికార్డుల లెక్కలో కాదు గానీ, పనితనంలో నాకు ఆయనే పెద్ద.

ఇంతకీ మాక్స్ మార్టిన్ సంగీతం ఎక్కడ నేర్చుకున్నాడు? స్వీడన్‌లో పురపాలక సంఘాలు పిల్లలకి నడిపే సంగీత పాఠశాలలున్నాయి. ఆయన చిన్నప్పుడు అక్కడ ఫ్రెంచ్ హార్న్ అనే వాయిద్యం నేర్చుకున్నాడు. తన ఎదుగుదలకి ఆ సర్కారు చదువే కారణమని తనే చెప్పుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు విజయనగరం గుర్తొచ్చింది. విశాఖ నుంచి గంటన్నర ప్రయాణం. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల అక్కడే చదివారు, ఇంటింటా మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ. సుశీల గారూ అక్కడి విద్యార్థే. తెలుగు సినిమా పాటకి రెండు ప్రధాన గొంతులూ ఒకే ఊళ్లో, ఒకే కళాశాలలో తయారయ్యాయి. టాలెంట్ దేవుడిచ్చింది అని చేతులు దులుపుకునేవాళ్లు ఈ రెండు ఊళ్ల సంగతీ ఒకసారి చూడాలి.

ల్యాప్‌టాప్ వచ్చాక బడితో పనిలేదు అంటారు కొందరు. బిల్లీ ఐలిష్ మొదటి ఆల్బమ్‌ని వాళ్లన్నయ్య ఫినియస్ లాస్ ఏంజెలెస్‌లో ఇంట్లోని పడగ్గదిలోనే తయారుచేశాడు, 2020లో గ్రామీలు ఊడ్చుకుపోయారు. నిజమే. కానీ ఆ పిల్లలకి పాట రాయడం నేర్పింది వాళ్లమ్మే. ఆ పడగ్గదిలో కూడా ఒక బడి ఉంది. ఎంవీపీ కాలనీలో పైగదిలో కూర్చుని బీట్లు కడుతున్న కుర్రాడికి సాఫ్ట్‌వేర్ దొరుకుతోంది. తప్పు చూపించే మనిషే దొరకడంలేదు.

ఇక డబ్బు సంగతి. పాప్‌లో పాటకి ఎవరు ఎంత రాశారన్నదాన్ని బట్టి శాతాలు పంచుకుంటారు. పెద్ద గాయకులు ఒక మాట మార్చి మూడోవంతు పట్టుకుపోతారని అక్కడొక జోకు ఉంది. దాన్ని భరించలేక 2021లో కొందరు రచయితలు, రాయనివాళ్లకి ఇక వాటా ఇవ్వమని బహిరంగంగా ప్రకటించారు. మన దగ్గర ఆ గొడవే లేదు, ఎందుకంటే చాలాకాలం రచయితకి పాటకింతని ఇచ్చి చేతులు దులిపేసుకున్నారు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, సినిమా హాలు బయట పాట వాడుకుంటే వచ్చే రాయల్టీ హక్కుని రచయిత, స్వరకర్త రాసిచ్చినా చెల్లదన్నారు. జావేద్ అఖ్తర్ పార్లమెంటులో దానికోసం గట్టిగా పట్టుబట్టారు.

మన రేడియోని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. 'సంగీతం' అని అనౌన్సరు చెప్పింది ఒక్క పేరే. ఆ పేరు వెనక అరేంజర్లు, ఇప్పుడైతే కీబోర్డు ప్రోగ్రామర్లు, రిథమ్ ప్రోగ్రామర్లు, హీరో పాట ముందుగా పాడిపెట్టే ట్రాక్ సింగర్లు ఎంతమందో. ఈ విషయంలో పాప్ వాళ్లే నయం, చిన్న అక్షరాల్లోనైనా అందరి పేర్లూ ఉంటాయి. 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ ఇచ్చింది కీరవాణికి, చంద్రబోస్‌కి. ఆ అవార్డు రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ ఇచ్చేది. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది మాత్రం హీరోల స్టెప్పు.

కెఫేలో విరామం ఇచ్చినప్పుడు గిటార్ కుర్రాణ్ని పిలిచి మాక్స్ మార్టిన్ సంగతి చెప్పాను. ఫోన్ తీసి చూసుకున్నాడు. "అయిదూ ఈయనవేనా సార్?" అన్నాడు. మా సొంత పాట కూడా ఒకటుంది వినండి సార్ అని పాడాడు. బాగుంది, రెండో చరణం మరీ బాగుంది. ఎవరు రాశారని అడిగితే పల్లవి తనది, బీటు డ్రమ్స్ వాడిది, చరణాలు హాస్టల్లో ఇంకొకడు రాశాడు, వాడిప్పుడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు అన్నాడు. యూట్యూబ్‌లో బ్యాండు పేరు మీద పెట్టారట. ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకున్నారా అని అడిగాను. నవ్వేశాడు. "మా మధ్య అవన్నీ ఏంటి సార్."

కాసేపటికి వాళ్ల టేబుల్ మీదకి బిల్లు వచ్చింది. నలుగురూ ఫోన్లు తీసి, పైసలతో సహా భాగించుకుని కట్టారు.